మబ్బుల వదిన కొన్న బండి

మా వదినతో వీధిలో నడవడం నా వల్ల కాదు. ఉల్లిపాయలకని బయల్దేరతామా, నాలుగడుగులు వేసి నిలబడిపోతుంది. వెనక వచ్చేవాళ్లు ఆమెను గుద్దుకుని, తిట్టబోయి, ఆ మొహం చూసి వాళ్లూ తలెత్తి పైకి చూస్తారు. పైన ఏముంటుంది? మబ్బు. ఉత్త మబ్బు. "అదిగో, అంచు కరిగిపోతోంది చూడు. సాయంత్రానికి ఉండదది," అంటుంది. నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. "అది ఉన్నా ఊడినా సందు చివర ఉల్లిపాయలు మాత్రం అయిపోతాయి, నడు వదినా," అని చెయ్యి పట్టుకుని లాక్కుపోతాను. నవ్వుతుంది. నా తిట్లు ఆమెకు చినుకుల్లాంటివి, దులిపేసుకుంటుంది.

మబ్బుల వదిన అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు వీధి వీధంతా అలాగే పిలుస్తారు.

ఆమెకీ పిచ్చి పుట్టింట్లో అంటుకుంది. వాళ్ల నాన్న గోడలకు సున్నం వేసే మేస్త్రీ. వాన పడితే ఆ రోజు చేసిన పనంతా గోడ దిగి కాలవలో కలుస్తుంది. అందుకని పొద్దున్నే పిల్లను డాబా ఎక్కించి, "ఇవాళ వెయ్యొచ్చా తల్లీ?" అని అడిగేవాడట. పిల్ల రెండు చేతులూ నడుముకు పెట్టుకుని అన్ని దిక్కులూ చూసి, వెయ్యమనో మానమనో చెప్పేది. ఒక్కోసారి తప్పు చెప్పేది. అయినా ఆయన ఒక్క మాట అనేవాడు కాదట. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, అంతే నమ్మకంగా. ఆ సంగతి చెప్పేటప్పుడు వదిన గొంతు ఇప్పటికీ మెత్తబడిపోతుంది.

చదువుకుని, పరీక్ష రాసి, అదే పనిలో చేరింది. ఊరి బయట కొండ మీద వాతావరణ కేంద్రం. కేంద్రం అంటే మేడలు గీడలు ఊహించుకునేరు. కంచె వేసిన గడ్డి చదును, కాళ్ల మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె, అందులో థర్మామీటర్లు, పక్కన వాన నీళ్లు పట్టే గరాటు, స్తంభం మీద గాలికి తిరిగే గిన్నెలు, ఒక చిన్న గది. అంతే. రోజూ పొద్దున్నే, మళ్లీ సాయంత్రం దిగేముందు, వేళకు అవన్నీ చూసి రాసుకోవాలి. ఆఖర్న తలెత్తి, ఆకాశాన్ని మనసులోనే ఎనిమిది ముక్కలు చేసి, ఎన్ని ముక్కల్లో మబ్బుందో ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాలి. దీనికి జీతం కూడా ఇస్తారని తెలిసినప్పుడు నేను నమ్మలేదు.

ఇన్నేళ్లూ ఆఫీసు జీపు తీసుకెళ్లి దింపేది. ఆ జీపు ముసలిదైపోయింది. దాంతో పాటే డ్రైవరూ రిటైరయ్యాడు. ఒకరోజు ఆఫీసరు పిలిచి చెప్పాడట. "ఇక కొత్త జీపు రాదమ్మా. నువ్వే వెళ్లగలిగితే వెళ్లు, ఈ వానాకాలం వరకూ చూస్తాను. పొద్దుటి రీడింగ్ తప్పిందంటే మాత్రం అక్కడ దానంతటదే కొలిచే మిషను పెట్టేస్తాం. నువ్వు ఇక్కడే కింద టేబుల్ దగ్గర కూర్చుందువు గాని."

ఆ టేబుల్ ఉన్న గది నేను చూశాను. కిటికీ లేదు.

మా అన్నయ్య మాత్రం పండగ చేసుకున్నాడు. అన్నయ్యది సీట్లు కుట్టే షాపు. బైకు సీట్లు, ఆటో సీట్లు, అప్పుడప్పుడు సోఫాలు. నేను రెండో మిషను మీద కూర్చుని అంచులు కుడతాను. మనిషి బంగారం, కానీ పిరికి. వదిన జీపెక్కి వెళ్లిన రోజుల్లోనే ఆమె పైకి చేరిందని ఫోన్ వచ్చేదాకా సూదిలో దారం ఎక్కించలేకపోయేవాడు. కొండ ఎలా ఉంటుందో చూద్దామని కూడా ఎన్నడూ వెళ్లలేదు. "హాయిగా ఫ్యాను కింద పనే! ఎండా లేదు, వానా లేదు. ఎంత అదృష్టం!" అన్నాడు. వదిన పెరట్లోకి వెళ్లి, బట్టల తీగ పట్టుకుని పైకి చూస్తూ నిలబడింది. భుజాలు కదలడం చూస్తే ఏడుస్తోందని తెలిసిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆకాశం చూసుకునే మనిషిని తీసుకెళ్లి డబ్బాలో పెడతావా? నీకు మనసనేది ఉందా అన్నయ్యా?" అని షాపులోనే, బేరానికొచ్చిన వాళ్ల ముందే దులిపేశాను.

అలా మొదలైంది బండి వేట. వదినకు స్కూటరు వచ్చు, కానీ ఆ దారికి స్కూటరు పనికిరాదు. ముందు ఊరి ట్రాఫిక్కు, తర్వాత వంతెన, తర్వాత మంచి తారు రోడ్డు. కొండ మొదట్లో తారు ఆగిపోతుంది. అక్కణ్ణించి కంకర, చిన్న వాగు, ఆపైన రాళ్లు. రోజూ ఊళ్లో తిరిగేదీ అదే కావాలి, కొండెక్కేదీ అదే కావాలి. పెట్రోలు నీళ్లలా తాగకూడదు, పైగా మా స్తోమతకు అందాలి. రెండు బళ్లు కొనే మొహాలా మావి?

మొదటి షోరూమ్‌లో బండిని చూడగానే నేను ఒంటె అని పేరు పెట్టాను. అంత ఎత్తు. ముందు ముక్కు, పొడుగాటి షాకబ్జార్బర్లు, ముళ్ల టైర్లు. టై కట్టుకున్న సేల్స్‌మన్ అన్నయ్య దగ్గరికే వచ్చి, "సార్, మీ హైట్‌కి పర్ఫెక్ట్," అన్నాడు. "నాకు కాదండీ, మా ఆవిడకి," అన్నాడు అన్నయ్య. ఆ పెద్దమనిషి మా వదినను కింది నుంచి పైదాకా చూశాడు. అంత చూడ్డానికి ఆమె దగ్గర పెద్ద పొడుగేమీ లేదు, నా భుజం దాకా వస్తుంది. నవ్వు ఆపుకున్నాడు. నేను ఆపుకోలేదు, నవ్వు కాదు, నోరు. "ఏం, బండి అమ్మడానికి ఎత్తు కొలతలు కూడా తీస్తారా ఇక్కడ?" అన్నాను.

వదిన మాత్రం ఇదేమీ వినలేదు. ఆ ఒంటె మీదెక్కి కూర్చుంది. స్టాండు మీదే ఉంది కాబట్టి సరిపోయింది గానీ, కాళ్లు రెండూ గాల్లో ఉన్నాయి. హ్యాండిల్ పట్టుకుని కళ్లు మూసుకుంది. షోరూమ్ అద్దాల్లోంచి మధ్యాహ్నపు వెలుగు ఆమె మొహం మీద పడుతోంది. బయట బస్సుల గోల, లోపల ఏసీ చప్పుడు. ఆమె పెదాల మీద చిన్న నవ్వు. "వాగు దాటాను," అంది, ఎవరితోనూ కాకుండా. సేల్స్‌మన్ అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య నేల వైపు చూశాడు. ఆమె ఆ వాగు దాటి, పైకి ఎక్కి, ఎంతసేపటికో గానీ దిగి రాలేదు. కళ్లు తెరిచి అడిగింది, "ఇది పడితే నేనొక్కదాన్నే లేపగలనా?"

"మేడమ్, మా బండి పడదు."

"పడని బండి ఉంటుందా అండీ?" అంది, నిజంగానే తెలుసుకుందామన్నట్టు. అతను కాగితం మీద గ్రౌండ్ క్లియరెన్సూ సీసీలూ గడగడా చదివాడు. ఆమె అడిగింది అది కాదు.

రెండో షోరూమ్‌లోది పెళ్లికొడుకు. ఒంటి నిండా స్టిక్కర్లు, కొండల బొమ్మలు, చేతులకు గార్డులు. అన్నయ్యకు తెగ నచ్చింది. ఎందుకంటే ఎత్తు తక్కువ. వదిన వంగి కిందికి చూసింది. ఇంజనుకూ నేలకూ మధ్య నా పిడికిలి పట్టేంత చోటు కూడా లేదు. "ఇది కొండ బొమ్మ అతికించుకుంది గానీ కొండ ఎక్కదు," అంది. అక్కడా అదే ప్రశ్న అడిగింది. పడేసి చూపించమంది. వాళ్లు మేనేజర్ని పిలిచారు. మేనేజరు ఇంకో మేనేజర్ని పిలిచాడు. మేమే బయటికొచ్చేశాం.

అలా సెలవు రోజులన్నీ బళ్ల చుట్టూ తిరిగాం. ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పుడు కలలా ఉంటుంది. సాయంత్రాలు షాపులో పని అయ్యాక వదిన వచ్చి, కొలతల కోసం అన్నయ్య పెట్టుకున్న చెక్క బల్ల మీద, పాత సీటొకటి వేసుకుని కూర్చునేది. చేతులు ముందుకు చాపేది. దీపం ఇంకా వేసుండేవాళ్లం కాదు. దుమ్మూ దారప్పోగులూ గాల్లో తేలుతుండేవి. "ఇప్పుడు వంతెన మీదున్నా. గాలి ఎడమ నుంచి కొడుతోంది," అనేది. నేను మిషను ఆపేసేదాన్ని. "ఇప్పుడు తారు అయిపోయింది. ఇక కంకర. మెల్లగా... మెల్లగా..." ఆ మాటకు నాకు కాళ్ల కింద రాళ్లు కదిలినట్టుండేది. కొండ మలుపులో మంచు ఎలా లేస్తుందో, పైకి వెళ్లాక ఊరు ఎలా మాయమవుతుందో చెబుతూ పోయేది. వింటూ వింటూ నేను తెల్లగా, బరువు లేకుండా అయిపోయేదాన్ని. అన్నయ్య వచ్చి లైటు వేసి, "ఇంకా ఇంటికి పోలేదా మీరిద్దరూ?" అనేవాడు. చచ్చేంత కోపం వచ్చేది నాకు.

చివరికి పక్క సందులో ఒక చిన్న షోరూమ్ దొరికింది. యజమానురాలు లావుపాటి పెద్దావిడ. చేతుల నిండా గ్రీజు. అక్కడున్నది పాత మోడల్ బండి. సన్నగా, తేలిగ్గా, ఊచల చక్రాలతో, ఏ ఆడంబరమూ లేకుండా ఉంది. నేను మేక అన్నాను. వదిన తన ప్రశ్న అడిగింది. పెద్దావిడ రెప్పవేయకుండా చూసింది. "ఎన్నాళ్లకడిగారమ్మా ఈ మాట!" అని, లోపల్నించి పాత పరుపొకటి ఈడ్చుకొచ్చి పరిచి, బండిని మెల్లగా దాని మీద పడుకోబెట్టింది. "ఊఁ, లేపు."

వదిన ముందు హ్యాండిల్ పట్టుకుని లాగింది. కదల్లేదు. "చేతుల్తో కాదమ్మా, కాళ్లతో. వెనక్కి తిరిగి సీటుకు నడుమానించి, గొంతుక్కూచుని, నెట్టు." వదిన అలాగే చేసింది. మొహం కందగడ్డయింది. ఒకసారి జారింది. రెండోసారి బండి కొంచెం లేచి మళ్లీ పడింది. అన్నయ్య రెండడుగులు ముందుకేశాడు, నేను చొక్కా పట్టుకుని లాగాను. మూడోసారి మేక లేచి నిలబడింది. వదిన దాన్ని పట్టుకుని రొప్పుతూ మా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, పెళ్లినాడు కూడా ఆమె మొహంలో అంత వెలుగు లేదు. "ఇదే," అంది.

బండి తేలికే గానీ, సీటు కొంచెం ఎత్తు. వదిన కాలివేళ్ల కొసలు మాత్రమే నేలకు తగిలేవి. అన్నయ్యకు నిద్ర పట్టలేదు. ఊరంతటికీ సీట్లు కుట్టేవాడు, పెళ్లానికి కుట్టలేడా? ఆమెను చెక్క బల్ల మీద కూర్చోబెట్టి, తొడ నుంచి మోకాలు, మోకాలు నుంచి మడమ, కొలతలన్నీ తీసుకున్నాడు. స్పాంజి కోసి, మధ్యలో గుంట తీసి, కొత్త రెక్సిన్ వేసి, డబుల్ కుట్టు కుట్టాడు. నన్ను అంచు కూడా ముట్టుకోనివ్వలేదు. వదిన కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకానాయి. "ఇంక నాకు భయం లేదే," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి మహానుభావుడికి. వదిన ఆ సీటు మీద చెయ్యి వేసి నిమిరింది. చాలా బాగుందండీ అంది.

సెలవు రోజుల్లో పెద్దావిడే తన షోరూమ్ వెనక ఖాళీ స్థలంలో వదినకు నడపడం నేర్పింది. తన దగ్గరున్న ఇంకో బండి మీద. చూడలేనని అన్నయ్య అటు వెళ్లనే లేదు. నాకు మిషను పని. నేర్చుకుంది, కొండ కూడా ఎక్కింది. ఎండ రోజులు బాగానే గడిచాయి. రోజూ వేళకు రీడింగ్ వెళ్లింది. సాయంత్రం దుమ్ముకొట్టుకుని ఇంటికొచ్చి, గుమ్మంలోనే ఆ రోజు మబ్బుల కబుర్లు మొదలుపెట్టేది.

అప్పుడు వానలు దిగాయి.

ఆ పొద్దున ఎదురింటి గోడ కూడా కనబడలేదు. అంత మంచు, పైన సన్నటి జల్లు. వదిన రెయిన్‌కోటు వేసుకుని వెళ్లిపోయింది. అన్నయ్య షట్టరు సగం లేపి ఆగాడు. "రావే," అన్నాడు నాతో. స్కూటరు తీశాడు. జన్మలో మొదటిసారి ఆ దారి పట్టాడు. తారు అయిపోయిన చోట స్కూటరు వదిలేసి నడిచాం. అడుగు దూరంలో ఏముందో తెలియదు. మా మాటలు మాకే దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. వాగులో కాళ్లు పెట్టాం. నీళ్లు చల్లగా, మెత్తగా పారుతున్నాయి. అన్నీ వదిన సాయంత్రాలు చెప్పినట్టే ఉన్నాయి, ముందెప్పుడో నేను అక్కడ తిరిగినట్టే అనిపించింది. ఆ మత్తులోనే ఉన్నాను, రాళ్ల దగ్గరికి రాగానే ఎర్రటి లైటొకటి వెలుగుతూ కనిపించింది. నేల మీద.

మేక పడి ఉంది. వాన కోసిన గండిలోకి హ్యాండిల్ దిగి, చక్రాలు పైకి లేచి ఉన్నాయి. పక్కన మనిషి లేదు.

అన్నయ్య అరిచిన అరుపు నేను జన్మలో మర్చిపోను. "ఏమే! ఎక్కడున్నావే!" గండిలోకి దిగి చేతుల్తో వెతికాడు. లేదు. ఏ బదులూ లేదు. మంచు ఆ అరుపును మింగేసింది. ఇద్దరం పడుతూ లేస్తూ పైకి పరుగెత్తాం.

కంచె కనిపించింది. లోపల తెల్లపెట్టె తలుపు తీసి ఉంది. దాని ముందు వదిన. రెయిన్‌కోటు ఒక పక్కంతా బురద. పెదవి చిట్లి రక్తం కారుతోంది. మా అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే అరచెయ్యి పైకెత్తింది. ఆగమని. థర్మామీటరు ఎత్తుకు కన్ను దించి, ఊపిరి బిగబట్టి చూస్తోంది. అన్నయ్య ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. ఆమె చూడటం అయింది, రాసుకోవడం అయింది, గరాటు నీళ్లు కొలవడం అయింది. తలెత్తి పైకి చూసి, గదిలోకెళ్లి ఫోన్ చేసింది. మేం గుమ్మంలో నిలబడ్డాం.

"మబ్బు తొమ్మిది సార్," అంది.

"ఎనిమిది ముక్కలే కదే?" అన్నాడు అన్నయ్య నా చెవిలో, ఆ స్థితిలో కూడా. ఆకాశమే కనబడకపోతే తొమ్మిదని చెప్పాలట. ఫోన్‌లో ఆఫీసరు గొంతు మాకూ వినబడింది. "ఇవాళ జీపున్నా ఎక్కేది కాదమ్మా. రీడింగ్ రాదనే అనుకున్నాను. సరే, ఆ మిషను సంగతి నేనిక ఎత్తను. కొండ నువ్వే చూసుకో."

వదిన ఫోన్ పెట్టేసింది. కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నేను వెళ్లి కావలించుకుని, నోటికొచ్చినట్టు తిడుతూ ఏడ్చాను. "లేపలేకపోయాను," అంది. "షోరూమ్‌లో నేల చదును కదా. లాగి లాగి, వేళైపోతోందని వదిలేసి నడిచొచ్చేశాను."

"అసలెలా పడ్డావే?" అన్నాడు అన్నయ్య.

"రాళ్లొస్తే కూర్చోకూడదండీ. పెద్దావిడ అదే నేర్పింది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడితే బండి కింద దాని పాట్లు అది పడుతుంది. లేవబోయాను. లేవలేకపోయాను."

"ఎందుకు లేవలేకపోయావు?"

ఆమె కోటు మీది బురద గీకుతూ కూర్చుంది. అన్నయ్య సీట్లు కుట్టేవాడు, ఇంక చెప్పాల్సిందేముంది?

"సీటు గుంట లోతుగా ఉందా?" అన్నాడు మెల్లగా.

"కొంచెం. కూర్చుంటే దిగబడిపోతాను."

"మొదటి రోజు నుంచీనా?"

"అంత మురిసిపోతూ కుట్టారు. ఎలా చెప్పను?"

అన్నయ్య గోడకానుకున్నాడు. "కూర్చోబెట్టి కొలిచానే," అన్నాడు. "నిలబడి వెళ్తావని నాకు తోచనే లేదు. నిన్ను నా చేతుల్తో నేనే పడేశాను." ఆ మాటకు నా దగ్గరున్న తిట్లన్నీ ఎటు పోయాయో, ఒక్కటీ రాలేదు. వదిన లేచి, ఆయన తల మీది నీళ్లు తన చేత్తో తుడిచింది.

ముగ్గురం కిందికి దిగి మేకను గండిలోంచి లేపాం. రెండు తన్నులకు స్టార్టయింది. "దీన్ని పైన పెట్టేస్తాను, మీరు ఇంటికెళ్లండి," అంది వదిన. ఈసారి కూర్చోలేదు. మేమిద్దరం బండి పట్టుకుంటే ముందే ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి, క్లచ్చు వదిలింది. బండి కింద ఎగిరెగిరి పడుతోంది. పైన ఆమె కదలకుండా, తొణకకుండా, ఆ తెల్లదనంలోకి తేలిపోతున్నట్టు వెళ్లిపోతోంది.

అన్నయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "టేపుందా?" అన్నాడు.

"వానలో కొండ మీదికి టేపు ఎవరు తెస్తారు?"

కుడిచెయ్యి ముందుకు చాపాడు. బొటనవేలూ చిటికెనవేలూ సాగదీసి, సీటుకూ ఆమెకూ మధ్యనున్న ఖాళీని దూరం నుంచే జానలేసి కొలుస్తున్నాడు. ఒక జాన వేశాడో లేదో మంచు ఆమెను కప్పేసింది.

"ఇక కనబడదులే, పద అన్నయ్యా. షాపు తీయాలి."

"దిగేటప్పుడు కూడా నిలబడుతుంది కదా. అప్పుడు సరిగ్గా చూస్తాను."

"సాయంత్రం దాకా దిగదు వదిన."

"షాపు నువ్వు తియ్యి," అని తడి రాయి మీద కూర్చున్నాడు.